అప్పన్న పేరు

మంగళవారం

నలుగురు కలిసి రాసిన పడవ బోల్తా వార్త మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. ఆధారాలు సరిచూశాకే నేను దాన్ని మా వార్తల సైట్లో పెట్టాలి. భోగాపురం దగ్గర సముద్రంలో అప్పన్న అనే మత్స్యకారుడు చనిపోయాడని రాసి, కింద ఐదు లింకులిచ్చారు. తెరిచి చూస్తే ఐదూ ఒకే వాట్సాప్ మెసేజీ చూసి రాసినవే. ఊళ్లో ఎవరినో అడిగి అప్పన్న ఇంటి నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

ఆయన భార్య ఎత్తింది. "అప్పన్న గారి గురించి..." అన్నానో లేదో, "ఏటైందమ్మా? పొద్దున్న ఒడ్డుకెల్లినోడు ఇంకా రానేదు" అంది. ఆమెకు ఏమీ తెలియదు. నేను తడబడుతూ పడవ మాట ఎత్తేసరికి గొంతు మారిపోయింది. "నీకెవులు సెప్పినారు? ఆళ్లు కళ్లారా సూసినారా?" అని అడుగుతూనే ఉంది. రాసేవాళ్లను నేను రోజూ అడిగే ప్రశ్నే. కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం అదే నంబరు నుంచి అప్పన్నే మాట్లాడాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నాను బతికే ఉన్నానమ్మా. పడవ నాదే గానీ, ఈయేల దాన్నేసుకుని ఎల్లింది మా బావ, సెల్లి మొగుడు. శవం ఇప్పుడే ఒడ్డుకొచ్చినాది. మా సెల్లికి ఇంకా సెప్పనేదు. తెల్లారేదాకా పేరు ఎయ్యకండమ్మా."

వేయనని మాటిచ్చాను. ఇంతకంటే గట్టి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? వార్త ఎందుకు ఆపావని రాసేవాళ్ల గ్రూపులో అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పను?

అప్పన్న చెల్లెలు మొగుడి కోసం ఇంకా ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమె కంటే ముందు నాకు తెలిసిపోయింది.