ఏడో పేజీలో సవరణ

నాంపల్లి,
ఆదివారం.

జార్జీ,

నువ్వు మన ఇరానీ హోటల్‌కు రావడం మానేసి ఏడాదైంది. తప్పు నాదే. ఆ పరాయి దేశపు యుద్ధంలో మీ బిడ్డ డోర్కాస్ నర్సుగా పనిచేసే దవాఖాన మీదే బాంబు పడిందని, ఫోన్లో ఏడ్చిందని నువ్వు చెప్పావు. నేను అందరి ముందూ పేపరు ఎత్తి చూపించాను. "ఆయుధాల గోదాం కూలిందని గీడ అచ్చయింది. నీ బిడ్డకేం తెలుస్తదిరా?" అన్నాను. అందరూ నవ్వారు. యాభై ఏళ్లు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొని చదివి, అచ్చయిందల్లా నిజమనుకున్నాను.

మొన్న అదే పేపరు ఏడో పేజీలో నాలుగు లైన్ల సవరణ వేసింది. కూలింది దవాఖానే. ఆ ఎడిటర్‌ను తిడుతూ రెండు పేజీలు రాసి పంపాను. కానీ ఆ రోజు హోటల్లో ఆ వార్తను గొంతెత్తి చదివింది ఎడిటర్ కాదు, నేను. అందుకే సవరణ కూడా అక్కడే చదివాను. పక్క బల్ల మహీధర్ అడ్డుకున్నాడు. "గా లడాయి ఇంకా నడుస్తనే ఉందా? జర క్రికెట్ చదువన్నా" అన్నాడు.

డోర్కాస్ తిరిగొచ్చిందని విన్నాను. ఒక్కసారి హోటల్‌కు తీసుకురా. ఆమె మాట్లాడినంతసేపూ పేపరు మడిచి కింద వేసుకుని కూర్చుంటాను.

నువ్వు ఒప్పుకుంటే,
నీ దోస్తు