నాయన సర్టిఫికెట్లు

చెల్లీ సంగీతా,

నాయన పోవడానికి ముందురోజు పొద్దున, నేను దీపం పెట్టి బయటికి వచ్చేసరికి ఆయన వాకిట్లో చాప పరిచి పాత రసీదులు ఎండబెడుతున్నాడు. పోడు కొట్టినందుకు ఫారెస్టు వాళ్లు వేసిన జుర్మానాల రసీదులవి. కోడి ఒకటి చాప ఎక్కబోతే కండువాతో అదిలించాడు.

"కట్టిన జుర్మానాలు మల్ల మల్ల చూసుకునుడేంది నాయనా?" అన్నాను.

"ఇవి నా సర్టిఫికెట్లే. చిన్నదానికి గన్ని ఉన్నయి, నాకుండొద్దా?" అని నవ్వాడు.

మర్నాడు మన పోడు చేలోనే గొయ్యి తీశారు. పోయినవాళ్లకు ఇష్టమైన వస్తువు తోడు పంపాలి కదా అని ఆ రసీదుల మూట నేనే ఆయన తలకింద పెట్టాను. నువ్వు యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి మట్టి కప్పేశారు.

నిన్న నీ మెసేజ్ చూశాను. ఆ భూమిని ఎన్నేళ్లుగా మనమే దున్నుతున్నామో చెప్పే సాక్ష్యం ఆ రసీదులేనని, నీ న్యాయశాస్త్ర పరిశోధనకూ మన పట్టా దరఖాస్తుకూ అవే ఆధారమని, ఫొటోలు తీసి పంపమని రాశావు. శిక్ష వేసిన కాగితమే హక్కు కాగితం అవుతుందని నాకు తెలియదమ్మా. రాముడి పటం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఫోన్లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సాయంత్రం ఇంట్లో అందరికీ చెప్పాను. తమ్ముడు కోటేష్ గడ్డపార తీసుకొని లేచాడు. చిన్నాయన గడపలో అడ్డం నిలబడ్డాడు.

"బతికినన్ని దినాలు ఫారెస్టోళ్లు మా అన్నను ఆ చేన్ల నుంచి లెవ్వు లెవ్వు అన్నరు. ఇప్పుడు మనం గూడ లేపుదామారా?"

కోటేష్ గడ్డపార కింద పెట్టి ఏడ్చాడు.

పట్టా రాకపోయినా సరే, నాయనను కదపొద్దని అనుకున్నాం.

నీ పెద్దక్క