అయిదో సూచన ప్రకారం విసిరిన పళ్ల సెట్టు

పురవీధుల రక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వీధి కుక్కలు తరిమినప్పుడు సైకిలు తొక్కేవారు పాటించవలసిన సూచనలు – అందులో అయిదో దాన్ని నేను అక్షరాలా పాటించుట – తత్ఫలితముగా మా అత్తగారి పళ్ల సెట్టు కుక్క పాలగుట – నేను కావాలని విసరలేదని తమరు ఒక ముక్క రాసి ఇప్పించుట గురించి.

నేను పళ్ల సెట్లు తయారుచేసే ఒక చిన్న దుకాణంలో పనివాణ్ణి. సెట్లకు నునుపు పెట్టడం, తయారైనవాటిని సైకిలు మీద పళ్ల డాక్టర్లకూ, కదల్లేని ముసలివాళ్ల ఇళ్లకూ చేరవేయడం నా విధులు. ఈ ఊళ్లో చాలామంది పెద్దమనుషుల నవ్వులు నా సైకిలు బుట్టలో ప్రయాణం చేసినవే. గొప్పకు చెప్పడం లేదు. నేను సరదాకు సైకిలు తొక్కేవాణ్ణి కాననీ, కుక్కలు నన్ను తరుముతున్నది ఉద్యోగ నిర్వహణలో ఉండగాననీ మనవి చేసుకుంటున్నాను.

నా బాధలు ఈ కింద వరుసగా విన్నవించడమైనది.

1. ఫర్నిచర్ గోడౌను వెనక సందులో మూడు కుక్కలు కాపురం ఉంటున్నాయి. ఆ సందు కాదంటే మా దుకాణం నుంచి ఊళ్లోకి రావడానికి రైలు పట్టాల అవతల నుంచి చుట్టు తిరగాలి. మూడింటిలో ఒకటి కదలదు. గోడౌను మెట్టు మీద పడుకునే తల ఎత్తి ఒక్కసారి మొరుగుతుంది, తక్కిన రెండూ లేచి పరుగెత్తుతాయి. మా దుకాణంలో దాన్ని మేనేజరు అంటాం. ఈ పని విధానం తమకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. నడిచి వెళ్లేవాళ్లను ఈ మూడూ పట్టించుకోవు. కార్లకు పక్కకు తప్పుకుంటాయి. సైకిలు కనబడితే మాత్రం వాటికి ఒళ్లు తెలియదు.

2. మొరిగే కుక్క కరవదని నాకు చెప్పని మనిషి లేడు. ఆ సామెత పుట్టించినవాడు సైకిలు తొక్కిన దాఖలా లేదు. అందుచేత ఇదే విషయమై లోగడ తమకొక అర్జీ పెట్టుకోగా, తమరు దయతలచి, కుక్కలను ఏమీ అనకుండా, సైకిలు తొక్కేవాళ్లకు అయిదు సూచనలు ముద్రింపజేసి ప్రతి కరెంటు స్తంభానికీ అంటించారు. ఆ కాగితాన్ని నా అంత శ్రద్ధగా ఊళ్లో ఇంకెవరూ చదివి ఉండరు. బడిలో ఎక్కాలు కూడా నాకంత బాగా రాలేదు.

మొదటి సూచన, కంగారుపడి వేగం పెంచరాదు. పెంచలేదు. కుక్కలు పెంచాయి. రెండో సూచన, సైకిలు దిగి దానిని తనకూ కుక్కకూ నడుమ అడ్డంగా నిలపాలి. నిలిపాను. ఇది రాసినవారి మనసులో ఒకే కుక్క ఉన్నట్టు తోస్తోంది. రెండో కుక్క చుట్టు తిరిగి వచ్చి నా వైపే నిలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో హ్యాండిలు పట్టుకుని నేను. మూడో సూచన, కుక్క కళ్లలోకి సూటిగా చూడరాదు. చూడలేదు. తల పక్కకు తిప్పుకుని నిలబడితే, అటువైపు కిటికీలో బట్టలు ఆరేస్తున్న ఒక ఇల్లాలు, "ఏంటయ్యా ఆ చూపు?" అని గద్దించింది. తమ కాగితం ఎత్తి చూపించాను. ఆమె ఓపిగ్గా చదివి, "ఏం పర్లేదు, కుక్కనే చూసుకో" అంది.

3. నాలుగో సూచన: 'గంభీర స్వరముతో ఇంటికి వెళ్లు అని ఆజ్ఞాపించవలెను.' నా స్వరం గంభీరమని మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోరు. అయినా ఆజ్ఞాపించాను. ఇల్లు లేని కుక్కను ఇంటికి పొమ్మంటే అది ఎక్కడికి పోతుంది? రెండింటిలో చిన్నది కాసేపు ఆలోచించి మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో పడుకుని, మా ఆవిడ పెట్టింది తిని, నాలుగు రోజులు సెలవు గడిపి, డ్యూటీ గుర్తొచ్చినట్టు లేచి సందులోకి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ నన్నే తరిమింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేనని మా ఆవిడతో వాపోయాను.

"దానికి మీ మొహం ఏం తెలుసండీ, సైకిలేగా తెలుసు" అంది మా ఆవిడ.

4. ఇక అయిదో సూచన. తమ మాటల్లోనే ఉదహరిస్తున్నాను: 'పై ఉపాయములన్నియు విఫలమైనచో చేతికందిన వస్తువును దూరముగా విసిరి కుక్క దృష్టిని మరలించవలెను.'

ఆ తర్వాత ఒక సాయంత్రం నా చేతికందిన వస్తువు ఒక్కటే. దూదిలో చుట్టి గుడ్డసంచిలో పెట్టిన మా అత్తగారి కొత్త పళ్ల సెట్టు. దాని చిగుళ్లకు నునుపు పెట్టింది నేనే. మామూలుగా బుట్టలో నానా సామానూ ఉంటుంది. ఆ రోజు పని ముగించుకుని ఇంటికే వెళ్తున్నాను గనక అదొక్కటే ఉంది. ముందు నాలుగు సూచనలూ మళ్లీ వరుసగా పాటించాను, వరుస తప్పితే అయిదోది చెల్లదేమోనని. అప్పటికి రెండింటిలో పెద్దది నా పంట్లాం అంచు నోట కరుచుకుంది. మేనేజరు మెట్టు మీద లేచి నిలబడింది. అది లేవగా నేనెన్నడూ చూడలేదు. విసిరాను.

సూచన పనిచేసింది. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. పంట్లాం వదిలి పెద్ద కుక్క ఒక్క గెంతు గెంతి, సంచి నేల మీద పడకముందే అందుకుంది. దాని నోట్లో దాని పళ్లు కాక మా అత్తగారి రెండు వరుసలు. అప్పుడు గానీ నేనేం విసిరానో నా బుర్రకెక్కలేదు. సైకిలెక్కి దాని వెంట పడ్డాను. సైకిలు తొక్కేవాడే కుక్కను తరిమితే ఏం చేయాలో తమ కాగితంలో లేదు. కుక్కకు మాత్రం తెలుసు. వేగం పెంచి, గోడౌను షట్టరు కింద దూరి మాయమైంది.

మర్నాడు గోడౌను వాచ్‌మన్ పాపం సోఫాలన్నీ జరిపి వెతికి, ఖాళీ సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సెట్టు లేదు సార్. నమిలేసుంటది" అన్నాడు. మళ్లీ సంచిలోకి తొంగిచూసి, "దేంతో నమిలిందంటారు?" అని అడిగాడు.

5. ఇంకో సెట్టు చేయించవచ్చు కదా అని తమకు తోచవచ్చు. మా దుకాణం పద్ధతి ఇలా ఉంటుంది. మనిషి నోటి అచ్చు తీసి, దాని మీద సెట్టు కట్టాక, అచ్చును అలమరలో దాస్తాం. సెట్టు ముట్టినట్టు ఆ మనిషి సంతకం పెట్టిన చీటీ మాకు చేరాకే అచ్చు పగలగొడతాం. దారిలో సెట్టుకు ఏమైనా అయితే అచ్చయినా మిగులుతుందని ఈ కట్టుబాటు. ఇంటి మనిషే కదా, మళ్లీ చీటీ మోసుకురావడం దేనికని, బయల్దేరే ముందే అత్తగారి బదులు నేను సంతకం పెట్టేశాను. మా యజమాని నియమం తప్పని మనిషి. నేను సందు మలుపు తిరిగేసరికే అచ్చు పగలగొట్టించేశారు. ఇది చిన్న విషయం, వివరం కోసం రాశాను. అసలు సంగతేమిటంటే, కొత్త సెట్టు కావాలంటే అత్తగారు మళ్లీ డాక్టరు దగ్గర నోరు తెరిచి అచ్చు ఇవ్వాలి. ఆవిడ తెరవనంటున్నారు.

6. మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటారు. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో ఆవిడ మొహం తెలియనివారుండొచ్చు గానీ గొంతు తెలియనివారు లేరు. రిటైరయ్యాక ఆ సర్వీసు మా ఇంట్లో కొనసాగించారు. "అల్లుడుగారు స్నానాల గదిలో ప్రవేశించి చాలాసేపైనది, తదుపరి ప్రయాణికులు బయట వేచి ఉన్నారు." ఒక్క అక్షరం జారేది కాదు. పళ్లు వదులై, చివరికి అన్నీ తీయించేశాక అక్షరాలు జారాయి. 'స' అనబోతే గాలి వచ్చేది. దాంతో ఆవిడ మాట తగ్గించుకుని, కొత్త సెట్టు వచ్చాక అన్నీ కలిపి చెబుతానన్నట్టు మమ్మల్ని చూస్తూ కాలం గడిపారు. ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్న మనిషి ముందు నేను ఖాళీ చేతులతో సైకిలు దిగాను.

జరిగింది చెప్పి, సాక్ష్యంగా తమ కాగితం చూపించాను. ఆవిడ చదివి, మడిచి, నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు. మా ఆవిడ మాత్రం వెళ్లలేదు.

"మీ అమ్మ పళ్లయితే విసిరేవారా?" అంది.

మా అమ్మకు సొంత పళ్లే ఉన్నాయన్నాను. అనకుండా ఉండాల్సింది.

అప్పటి నుంచి అత్తగారు చెప్పదలచుకున్నది మా ఆవిడ చెవిలో చెబుతారు, మా ఆవిడ నాకు చెబుతుంది. "చేతికందింది విసరమని ఆఫీసరుగారే అన్నారట కదా, ఆ ముక్క ఆయన చేత రాయించుకు రమ్మంటోంది అమ్మ. అది చూశాకే నోరు తెరుస్తుందట. అందాకా డాక్టరు ముందే కాదు, ఎవరి ముందూ తెరవదట." మా బావమరిది ఫోన్ చేసి పరామర్శించాడు. "పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు బావా, మా అమ్మకి నువ్వు దొరికావు" అన్నాడు. అతని పళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

6-ఎ. ఇది ఫిర్యాదు కిందికి రాదు. అయినా రాయకుండా ఉండలేను. ఇంట్లో ఇప్పుడు నన్నెవరూ ఏమీ అనడం లేదు. మొన్న తడి తువ్వాలు మంచం మీద పడేశాను, కావాలనే పడేశాను. అత్తగారు చూశారు, తీశారు, ఆరేశారు. అంతే. జావ గిన్నె పట్టుకుని గోడవైపు తిరిగి తాగుతారు. ఇంతకుముందు నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేవారు, ఇప్పుడు నవ్వే మానుకున్నారు. పెళ్లయిన నాటి నుంచీ ఈ ఇంట్లో కాస్త నిశ్శబ్దం కావాలని మొరపెట్టుకున్నవాణ్ణి నేనే. తీరా అది దొరికాక భరించలేకపోతున్నాను. పని నుంచి ఇంటికి రాబుద్ధి కావడం లేదు. అయ్యా, నాకు ఆవిడ తిట్లు కావాలి. ఈ మాటను అర్జీ భాషలో ఎలా రాయాలో తెలియక ఇలా రాశాను.

7. పై ముక్క నిమిత్తం తమ కార్యాలయానికి వచ్చాను. కింది గదిలోని గుమాస్తాగారు కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడారు.

"కుక్క కరిచిందా?"

"లేదండీ."

"మరి మా దగ్గరికెందుకొచ్చారు?"

"సూచన పాటించానని రాసిస్తారేమోనని."

"పాటించినవాళ్లకి రాసిచ్చే పద్ధతి లేదండీ. ఇంతవరకూ ఎవరూ పాటించలేదు." ఆయన కాసేపు కాగితం తిరగేసి, "అయినా వస్తువంటే రాయో రప్పో అండీ. రాయి అని రాస్తే కుక్కల్ని కొట్టమన్నట్టుంటుందని వస్తువు అన్నాం. మీరు నిజంగానే వస్తువు అనుకున్నారు" అన్నారు.

నాదే పొరపాటని ఒప్పుకుని పై గదికి వెళ్లాను. అక్కడి వారు నా గోడంతా విని, విసిరిన వస్తువును అర్జీకి జతపరచమన్నారు. వస్తువు కుక్క దగ్గర ఉందంటే, కుక్క నుంచి ఒక ధ్రువపత్రం తెమ్మంటారేమోనని భయపడి వచ్చేశాను. మరోసారి వస్తే తమరు తనిఖీకి వెళ్లారన్నారు. కిటికీలోంచి తమరు టీ తాగుతూ కనిపించారు. తనిఖీ టీకి సంబంధించినది కావచ్చునని తలచి వెనుదిరిగాను.

కావున తమరు నా మీద దయ ఉంచి, 'ఇతడు విసిరినది మా సూచన ప్రకారమే గానీ అత్తగారి మీద ద్వేషంతో కాదు' అని రెండు వరుసలు రాసి, ముద్ర వేసి ఇప్పించ ప్రార్థన. ముద్ర స్పష్టంగా పడేట్టు చూడగలరు, మా అత్తగారు అలికిన అక్షరం చదవరు. వీలుంటే అయిదో సూచన చివర 'బంధువులకు చెందినవి మినహా' అనే మాట చేర్చగలరు. కుక్కల విషయమై నేనేమీ కోరడం లేదు. ఈ వ్యవహారంలో తమ పని తాము సక్రమంగా చేసింది అవే.

ఇదంతా, తనిఖీ ముగిశాకైనా సరే, తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ అయిదు సూచనలకూ విధేయుడు,
పళ్ల సెట్ల దుకాణం సైకిలు మనిషి

తా.క. (ఇది వేరే చేతిరాత)

ఆఫీసరు గారికి. తప్పులు దిద్ది పోస్టులో వేయమని మా అల్లుడు ఈ అర్జీ నాకిచ్చి పనిలోకి వెళ్లాడు. అక్షరాల తప్పులు దిద్దాను. మిగిలినవి దిద్దితే పోయేవి కావు, మనిషే అంత.

అతను కావాలని విసరలేదని నాకు ఆ సాయంత్రమే తెలుసు. విరిగిన గొడుగు కూడా పారేయలేక అటక మీద దాచుకునే మనిషి. నా కోపం పళ్లు పోయినందుకు కాదు. నాకు ముట్టకుండానే ముట్టిందని నా బదులు సంతకం పెట్టినందుకు. నా సర్వీసంతా, కళ్లతో చూడని బస్సు వచ్చిందని నేను మైకులో ఒక్కసారి కూడా చెప్పలేదు. మీ ముక్క తెమ్మని తిప్పితే, తిరిగి తిరిగి ఆ సంగతి తనకే తడుతుందనుకున్నాను. తట్టలేదు. దాన్ని చిన్న విషయం అని రాశాడు. ఇక తట్టదు కూడా, నేనే చెప్పాలి.

అయితే నా తిట్లు కావాలని రాసినచోట మాత్రం రెండుసార్లు చదివాను.

అందుచేత మీరేమీ రాసివ్వనక్కర్లేదు. ఇంత కష్టపడి రాశాడు గనక మీకు పంపుతున్నాను. రేపు పొద్దున్న పళ్ల డాక్టరు దగ్గరికి, అతని సైకిలు వెనక కూర్చుని, ఆ గోడౌను సందులోంచే వెళ్తాను. కుక్కలు వస్తే ఏం చేయాలో మీ కాగితం చూడమని అంటాడు, నాకు తెలుసు. అతను తొక్కితే చాలు. వాటితో మాట్లాడేది నేను.