ముక్కు దగ్గర కోసిన పోగు

జూన్ 7, శనివారం

షిఫ్టు దిగి కార్ఖానా వెనక నుంచి వస్తుంటే చెత్తకుప్ప కదిలింది. కుక్క అనుకున్నాను. కాదు — పక్షి. కోడిపుంజు కంటే పెద్దది, మాసిన తెలుపు. పసుపుపచ్చ మొహం, మొహం మీద ఈకలే లేవు. అందంగా ఉందని మాత్రం అనలేను.

కాళ్ళకూ ఒక రెక్కకూ పాలిస్టర్ చిక్కు. మా సాంచాల మీద నుంచి, అంటే మరమగ్గాల మీద నుంచి, తీసి పారేసిన దారమే, చూడగానే తెలిసింది. మెడలోని గమ్‌చా తీసి కప్పి, ఒళ్ళో పెట్టుకుని, అక్కడే నేల మీద కూర్చుని విప్పాను. రెండుసార్లు వేలు పొడిచింది. పొడవనీ. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని, నా చేతికి లొంగని చిక్కు లేదు. ముక్కు పక్కన జానెడు పోగు వేలాడుతుంటే దాన్నీ జేబులోని చిన్న కత్తెరతో నీటుగా కొట్టేశాను. గుడ్డ మీద కొస మిగిలితే మా పని చూసే మాస్టరు ఊరుకోడు... అదే అలవాటు.

వాచ్‌మన్ దారి చూపించాడు. కడోదరా ఊరు దాటాక, దెబ్బతిన్న పక్షుల్నీ పాముల్నీ చూసే కేంద్రం ఉందట. ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరమ్మ గోడ మీది బొమ్మ చూపించింది — తెల్ల రాబందు. ఇవి చాలా తక్కువ మిగిలాయని బొమ్మ కింద రాసి ఉంది. రిజిస్టరులో నా పేరు, నంబరు. తర్వాత హిందీలో ఐదారు ప్రశ్నలు. ఆమె మూతికి మాస్కు, ఏమీ సరిగ్గా అర్థం కాలేదు. మొదటి రెండింటికి నిలువుగా తల ఊపాను, మిగతావాటికి అడ్డంగా. ఆమె రాసుకుంది.

వాళ్ళు చాలా మెల్లగా మాట్లాడతారు.

జూన్ 8, ఆదివారం

అన్నం, పప్పు. పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. రాబందు ఏం తిన్నదో.

జూన్ 10, మంగళవారం

సాంచాల దగ్గర హాయి. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినపడదు. అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం — బాబిన్ అయిపోయింది, పోగు తెగింది, చాయ్ వచ్చింది. గేటు దాటగానే అందరూ నోళ్ళు తెరుస్తారు. నేను ముందు నడుస్తాను.

జూన్ 12, గురువారం

పక్కింటి సత్తెమ్మ వదినె గిన్నెతో కూర తెచ్చింది. ఎంతసేపటి నుంచి తలుపు కొడుతోందో తెలియదు. బయటికి వెళ్దామని తలుపు తీసేసరికి ఆమె మొహం ఎర్రగా ఉంది.

"ఏంది మల్లేశం, గంత సేపు తలుపు కొడితె తియ్యవేంది? నా మీద ఏమన్న కోపమా?"

టీవీ పెద్దగా పెట్టుకున్నానని చెప్పాను. నా భుజం మీదుగా లోపలికి చూసింది. టీవీ ఆపేసి ఉంది. కూర గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కూర బాగుంది. ఆ మాట చెప్పడానికి కూడా వెళ్ళలేదు.

జూన్ 15, ఆదివారం

కేంద్రానికి వెళ్ళాను. ఆదివారం అందరినీ లోపలికి రానిస్తారు. ఒక దొడ్లో నక్షత్ర తాబేళ్ళు, ఎవరో సంచుల్లో కుక్కి అమ్మబోతే పట్టుకున్నారట, బోర్డు మీద ఉంది. ఒక ఉడుము, తోక సగమే. ఎండ పడేచోట కొండచిలువ. తాబేళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వాటితో ఉంటే జవాబు చెప్పాల్సిన పని లేదు.

పక్షుల వైపు వెళ్ళి పనివాణ్ణి అడిగాను, నా రాబందు ఎక్కడుందని. మామూలుగానే అడిగాను. పంజరాల్లో పక్షులన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టుకున్నాయి. పనివాడు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఒక తల్లి పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. అంత గట్టిగా అరిచానా? నా గొంతు ఎంతదో నాకు తెలియడం లేదు.

తర్వాత పంజరాలు ఒక్కొక్కటీ నేనే చూసుకుంటూ వెళ్ళాను.

నా రాబందు మూలకు ఒదిగి ఉంది. ఛాతీ ఎముక పొడుచుకొచ్చింది. మాంసం ముక్కలు ముందర అలాగే ఉన్నాయి. పంజరానికి కాగితం కట్టి ఉంది, గుజరాతీలో. బస్సు బోర్డులు చదివి చదివి ఆ అక్షరాలు వచ్చాయి నాకు. కూడబలుక్కుని చదివాను. తిండి: తినడం లేదు, తిన్నది కక్కుతోంది. కారణం: తెలియదు. దాని కింద — నోట్లో దారం: లేదు, తెచ్చిన మనిషి చెప్పాడు.

తెచ్చిన మనిషిని నేనే.

డాక్టరమ్మ పది అడుగుల దూరంలో ఉంది, ఎవరితోనో మాట్లాడుతూ. వెళ్ళి చెప్పాల్సింది. బస్సెక్కాను.

జూన్ 16, సోమవారం

చెప్పలేదు. కార్ఖానా, ఇల్లు.

జూన్ 17, మంగళవారం

ఇక్కడైనా రాస్తాను, ఇది ఎవరూ చదవరు. నాకు వినపడదు. ఎడమ చెవి ఆరేళ్ళ నుంచి, కుడిది ఐదేళ్ళ నుంచి. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి సగం పట్టుకుంటాను. పక్కకు తిరిగితే పోయింది. మాస్కు ఉంటే అంతా పోయింది.

నా భార్య లలిత ఉన్నప్పుడు ఇది లోటుగా తెలియలేదు. ఎవరేం అన్నా నా మోచెయ్యి తాకి, నా ముందుకొచ్చి మళ్ళీ చెప్పేది. నీకు వినపడదు అని ఒక్కసారి కూడా అనలేదు. ఆమె పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు నా మోచెయ్యి తాకేవాళ్ళు లేరు.

నా పక్క సాంచా మీద పని చేసే భిక్షపతిని పోయినేడు పనిలోంచి పంపించేశారు. మాస్టరు వెనక నుంచి పిలిస్తే పలకలేదని, మిషన్ల దగ్గర చెవిటివాడు ఉండటం ప్రమాదమని. అప్పటి నుంచి నేను దేనికైనా తల ఊపుతాను. జనం సగం ప్రశ్నలు జవాబు కోసం అడగరు, ఊపితే సరిపోతుంది. డాక్టరమ్మ జవాబు కోసమే అడిగింది.

ముక్కు పక్కన వేలాడిన పోగు నోట్లోంచి వచ్చిందే, నేను కోయగా మిగిలింది దాని కడుపులో ఉంది. రెండో కొస ఎక్కడుందో దేవుడికి తెలుసు. పది రోజులుగా అది తినకుండా ఉంది, నేను రెండు పూటలా తింటున్నాను. సిగ్గుగా ఉంది.

జూన్ 18, బుధవారం

సగం రోజు సెలవు. జ్వరమని చెప్పాను మాస్టరుకు.

డాక్టరమ్మ ఇవాళ మాస్కు గడ్డం కిందికి దించి ఉంది, అదే అదృష్టం. నోటి నుంచి పోగు వేలాడుతుంటే నేనే కోశానని చెప్పాను, గొంతు వీలైనంత తగ్గించి. మరీ తగ్గించానేమో, ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. జానెడు చూపించాను. ఆమె కళ్ళు మూసుకుంది ఒక్క క్షణం.

"ఆ రోజు అడిగాను కదా. లేదన్నారు."

నాకు వినపడదని ఇక్కడ చెప్పాలి. ఇంతకంటే మంచి చోటు లేదు. నోటిదాకా వచ్చింది.

మర్చిపోయాను అన్నాను. మర్చిపోయానట... నాకే అసహ్యం వేసింది.

ఆమె తిట్టలేదు. చున్నీ అంచులో ఒక పోగు పట్టి లాగి చూపించింది — గుడ్డంతా కుచ్చుగా ముడుచుకుంది. లోపల పేగు అలా అయి ఉంటుందట. చిన్నప్పటి నుంచి గుడ్డ చూస్తున్నాను, ఇంక చెప్పనక్కర్లేకపోయింది. కొస బయట ఉండి ఉంటే ఆ రాత్రే చూసేవాళ్ళం అంది. శుక్రవారం కోసి తీస్తారు. బతికే ఆశ సగం.

నేను బయల్దేరుతుంటే బొటనవేలూ చిటికెనవేలూ చెవి దగ్గర పెట్టి చూపించింది, శనివారం ఫోన్ చేస్తానని. తల ఊపాను.

మళ్ళీ ఊపాను!

జూన్ 20, శుక్రవారం

ఇవాళే ఆపరేషన్. రెండు పోగులు తెగితే చూసుకోలేదు, అరమీటరు గుడ్డ పాడైంది. మాస్టరు వచ్చి చేతులతో తిట్టాడు. అది మాత్రం పూర్తిగా అర్థమైంది.

జూన్ 21, శనివారం

సాయంత్రం ఏడు దాటింది. షిఫ్టు నుంచి వచ్చి ఫోన్ అరచేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను, అదిరితే తెలుస్తుందని. అదిరింది. తెలియని నంబరు.

ఎత్తాను. కుడి చెవికి నొక్కి పెట్టుకున్నాను. నీళ్ళ కింద ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. ఆడగొంతు, అంతవరకే. హా జీ అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆగింది — జవాబు కోసం ఆగినట్టు. హా జీ. మళ్ళీ ఏదో అంది, మళ్ళీ ఆగింది. హా జీ. పెట్టేసింది.

బతికిందా? పోయిందా? గొంతులో సంతోషం ఉందా లేదా కూడా పట్టుకోలేకపోయాను. అంతకంటే... ఆమె అడిగింది. రెండుసార్లు ఏదో అడిగింది. దేనికి ఒప్పుకున్నాను? మొన్న అడ్డంగా తల ఊపి దాన్ని పదకొండు రోజులు మాడ్చాను. ఇవాళ హా జీ అని ఏం చేశానో.

రేపు ఆదివారం, వెళ్ళి చూడొచ్చు. కానీ ఆమె అడిగింది ఇవాళ. ఇంకా బతికే ఉంటే, నేను ఒప్పుకున్నదేదో ఈ సాయంత్రమే జరిగిపోతుందేమో.

తిరిగి ఫోన్ చేస్తే మళ్ళీ ఆ నీళ్ళ గొంతే. నాకు బదులు వినేవాళ్ళు కావాలి. కిటికీలోంచి కనపడుతోంది — సత్తెమ్మ వదినె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమెకు హిందీ బాగా వచ్చు. వెళ్ళి ఫోన్ చేతిలో పెట్టి అనాలి — వదినె, జర మాట్లాడుండ్రి, నాకు ఇనొస్తలేదు. అంతే మాట. కానీ ఆమె భర్త మా మాస్టరు దగ్గరే పని చేస్తాడు. వాకిట్లో అన్న మాట సోమవారానికి కార్ఖానాకు చేరుతుంది.

ఆ మాట పైకి అని చూశాను, గది గోడకు. ఎంత గట్టిగా వచ్చిందో తెలియదు. వదినె తల ఎత్తి ఇటు చూసింది.

ఇంకా చూస్తోంది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. రాయడం ఆపితే లేచి వెళ్ళాలి, అందుకే రాస్తున్నాను.