పదకొండో మంచం డిశ్చార్జ్

మే 4, బుక్కరాయసముద్రం
ఇంటికొచ్చి మూడు రోజులు. ఉక్క. పొద్దున్నే ఆఫీసు మెయిల్ — పరాయి దేశపు యుద్ధంలో మేం నడిపే గుడారం ఆస్పత్రి రిజిస్టరు నకలు సరిచూసి, సంతకం పెట్టి పంపాలట. పదకొండో మంచం: డిశ్చార్జ్. నా చేతిరాతే. ఆ రోజు తుపాకులవాళ్లు వచ్చి, సెలైన్ గొట్టం పీకి మనిషిని ఈడ్చుకుపోయారు. నేను ఇన్‌చార్జి నర్సును. పక్కకు జరిగి దారి ఇచ్చాను. తర్వాత ఆ మాట రాశాను. థూ.

మే 5
టీ అంగడి దగ్గర నాయన గొప్పలు. “మా పాప వార్డులో అందురూ డిశ్చార్జే అప్పా. ఒగరు గూడా సావలా.” ఈ ఊళ్లో డిశ్చార్జ్ అంటే బాగై ఇంటికి రావడమే. సగం టీ వదిలేసి వచ్చేశాను.

మే 7
మా సంస్థ పెద్దసారుతో ఫోన్. “మనం వెళ్లింది వైద్యానికి, సాక్ష్యానికి కాదు... నోరు తెరిస్తే ఆస్పత్రి మూయిస్తారు. మిగతా నలభై మందికి కట్లు ఎవరు కడతారు?” అబద్ధం కాదు. అందుకే మరీ ఒళ్లు మండుతోంది. ఎవరి పక్షమూ కాదని మా చొక్కాల మీద రాసి ఉంటుంది. నాది ఉతికి దండెం మీద వేశాను. చూస్తేనే అసహ్యం.

మే 8
నాయన విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఒలవడం ఆపలేదు.
“ఆయప్పకు ఎవురూ లేరా?”
భార్య ఉంది. రోజూ గేటు దగ్గరికి క్యారియర్ తెచ్చేది. డిశ్చార్జ్ చేశామని ఆమెకూ చెప్పాను. ఏ దారిన బయల్దేరాడని అడిగింది.
“ఏ దావ సూపిచ్చినావు?”
ఏదీ చూపించలేదు. పని ఉందని లోపలికి వెళ్లిపోయాను.
“అట్లయితే ఆయమ్మ కూడు వండుకోని ఇంగా సూస్తానే ఉంటాది.”


మే 9
రిజిస్టరులో డిశ్చార్జ్ అన్న మాట కొట్టేశాను. ‘తుపాకులు చూపించి తీసుకుపోయారు’ — రాశాను. పంపలేదు. పన్నెండో మంచం ముసలాయనకు కాలు తీసేశారు, రోజూ కట్టు మార్చాలి... ఆస్పత్రి మూసేస్తే?
నాయన గడపలో నిలబడి — “పంపిచ్చినావా పాపా?”
“నెట్ రావడం లేదు నాయనా.”
సిగ్నల్ నిండా ఉంది.