పసుపు పండు కోసం

కాడుగోడి,
10 జూలై 2022

ప్రియమైన పుష్పావతి మేడమ్‌కు,

పీయూసీలో మీ దగ్గర బోటనీ చదివిన కృపమ్మను. ఇప్పుడు మహదేవపురలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. ఫోనులో మీకు మాట వినపడదని మీ కోడలు శ్రుతి చెప్పింది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంటి వెనక ఖాళీ సైటులో ఒక ముళ్ళ పొద ఉంది. డ్యూటీ నుంచి వచ్చి బట్టలు ఆరేస్తూ రోజూ దాన్నే చూస్తుంటాను. వార్డులో నిలబడీ నిలబడీ కాళ్ళు అరిగిపోయాయి మేడమ్. ఇంకో పని మీదికి మనసు పోదు. దీని పేరు మాత్రం తెలుసుకోవాలని ఉంది. ఒక రెమ్మను పేపర్ల మధ్య ఒత్తి పంపుతున్నాను.

మీ విద్యార్థిని,
కృపమ్మ

యలహంక,
24 జూలై 2022

ప్రియమైన కృపకు,

రెమ్మ చూశాను. పేపరు మడిచేసి, మళ్ళీ విప్పి చూశాను. మూడేసి ఆకులు, అడుగున తెల్లటి నూగు, కొక్కెంలా వంగిన ముళ్ళు. రాస్ప్‌బెర్రీ లాంటి పొదలుండే రూబస్ ప్రజాతి, సందేహం లేదు. చల్లటి కొండల్లో పసుపు పండ్లు కాసే రకమనుకుంటున్నాను.

ముప్పై నాలుగేళ్ళ కిందట, పరిశోధన చేసే రోజుల్లో, మీ కాడుగోడిలోనే నాకు అచ్చం ఇలాంటి రెమ్మే దొరికింది. పూత లేదు, కాయ లేదు. అయినా పసుపు పండు రకమేనని రాసి, రెమ్మను కవర్లో పెట్టి ఇచ్చాను. కొండ మొక్క ఇక్కడ ఉండదు, అది తోట కంచెలకు వేసే నల్ల పండు రకమని మా ప్రొఫెసరు మునినారాయణప్ప గారు ఈ ప్రాంతపు మొక్కల జాబితాలోంచి కొట్టేశారు. నేను పరిశోధన మానేశాను. ఆయనతో మాట్లాడటమూ మానేశాను.

ఈ వయసులో మళ్ళీ ఆశపడే ఓపిక లేదు. కానీ పండు చూస్తే తేలిపోతుంది. వానలుండగానే ఒక పొడుగాటి కొమ్మను వంచి, దాని కొసను బకెట్లో మట్టి పోసి కప్పి, పైన రాయి పెట్టు. వేళ్ళు దిగాక పొద నుంచి కోసెయ్. తరవాత మాత్రం కత్తెర వెయ్యకు. ఒక ఏడు పెరిగిన కొమ్మకు మరుసటి ఏడే పూత.

ఆశీస్సులతో,
పుష్పావతి

కాడుగోడి,
20 నవంబరు 2022

ప్రియమైన మేడమ్‌కు,

సైటు ఓనరు ఆవులప్ప జేసీబీ పిలిపించాడు. అరగంటలో పొద పోయింది. నేను గోడ దగ్గరే నిలబడి ఉంటే, "ముండ్ల కంపకు ఇంత బాధేమిటికక్కా?" అన్నాడు. నేను ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చేశాను.

దానికి నెల ముందే మీరు చెప్పినట్టు కొసను కోసి వేరు చేశాను. పెయింటు బకెట్లో మిద్దె మీద ఉంది. నాలుగు ఆకులు.

మీ
కృపమ్మ

యలహంక,
21 ఏప్రిల్ 2024

ప్రియమైన కృపకు,

జనవరిలో పూత వచ్చిందని రాశావు. ఆ తరవాత మాటే లేదు. మొక్క చచ్చిపోయి ఉంటే అదే రాయి, నేను తట్టుకోగలను. పోస్టుమ్యాను వచ్చే వేళకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నానని శ్రుతి నవ్వుతోంది.

నీ
పుష్పావతి

కాడుగోడి,
5 మే 2024

ప్రియమైన మేడమ్‌కు,

మొక్క బాగుంది. కాయలు మార్చిలోనే పండాయి. మొదట ఎర్రబడ్డాయి. పసుపు రంగుకు తిరుగుతాయేమోనని వారం చూశాను. నల్లబడ్డాయి.

వార్డులో రోగుల జబ్బు సంగతి వాళ్ళ ఇంటివాళ్ళకు చెప్పడం నాకు అలవాటే. మీకు ఇది రాయడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. పండ్లున్న రెమ్మ ఒకటి ఆరబెట్టి ఈ కవర్లో పెట్టాను. నన్ను క్షమించండి.

మీ
కృపమ్మ

యలహంక,
2 జూన్ 2024

ప్రియమైన కృపకు,

నువ్వెందుకు క్షమించమనాలి? అది తోట రకమే. పూత లేని రెమ్మను పట్టుకుని పేరు పెట్టింది నేను. రెండుసార్లూ అదే తప్పు చేశాను.

నిన్న నువ్వు పంపిన రెమ్మ తీసుకుని కె.ఆర్.పురం వెళ్ళాను. మునినారాయణప్ప గారు అక్కడ కూతురి ఇంట్లో ఉన్నారు. ఎనభై తొమ్మిదేళ్ళు. నన్ను గుర్తుపట్టారు. మీరు చెప్పిందే నిజమని చెప్పి రెమ్మ ఆయన చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూశారు. తరవాత నా చెవి దగ్గరికి వంగి అన్నారు:

"నేను ఆ పొద్దు నీ కవరు విప్పి కూడా చూడ్లేదమ్మా. కొండ చెట్టు ఈడ యాడుండాదిలే అని కొట్టేసినా."

నాకు వినపడలేదేమోనని ఇంకోసారి కూడా చెప్పారు.

చూసి నేను తప్పు రాశాను. చూడకుండానే ఆయన ఒప్పు చెప్పారు. దీనికి కోపం రావాలి కదా కృపా? రాలేదు. వాళ్ళమ్మాయి కాఫీ ఇస్తే తాగాను. ఇద్దరం మోకాళ్ళ నొప్పుల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. యలహంకలో కండక్టరు లేపేదాకా హాయిగా నిద్రపోయాను.

నీ
పుష్పావతి