మీసం సంగతి

మంగళారం, రాత్రి.

మనుమరాలు శ్రావణిని మల్ల రెండో తరగతిలనే కూసోవెడ్తమన్నది బడి టీచరమ్మ. చెప్పింది ఎక్కుతలేదంట. నేను గూడ మొద్దనే అనుకున్న. నేను అడిగితే ఒక్క ఎక్కం చెప్పదు. వాళ్లమ్మ గడ్డపోతారం కంపెనీల డ్యూటీ దిగొచ్చి అడిగితే టకటక చెప్తది.

ఇయ్యాల పొద్దుగూకంగ కోడలు మూడో ఎక్కం అడుగుతుంటే కరెంటు పోయింది. పిల్ల నడుమల ఆగింది. "తర్వాత చెప్పు బిడ్డా" అని కోడలు నాలుగుసార్లు అడిగింది. సప్పుడు లేదు. బ్యాటరీ లైటు కొడితే కండ్లు తెరుసుకోని బొమ్మ లెక్క కూసున్నది. లైటు తల్లి మొకం మీద పడంగనే మల్ల మొదలువెట్టింది.

"నోటికి కొంగు అడ్డం పెట్టి అడుగు" అన్న కోడలితోని. పిల్ల పలుకలే. నిరుడు జరమొచ్చినప్పుడే చెవులు పోయినట్టున్నయి. పెదవులు సూసి నెట్టుకొస్తున్నది. టీచరమ్మ బోర్డు దిక్కు తిరిగి చెప్తది గద.

కొంగు తీసి కోడలు అడిగింది. "మరి తాతకెందుకు చెప్పవే?"

"తాతకు నోరు లేదు గద" అన్నది.

నా మీసం పెదవుల మీదికి ఉంటది. పెండ్లయిన కాడికెళ్లి దానికి కత్తెర ముట్టనియ్యలే. పొద్దుగాల కటింగ్ షాపుకు పోత, ఆడికెళ్లి పిల్లను తీస్కోని సంగారెడ్డి దవాఖానకు.

నేను తిడుతుంటే సూపు దించకపోయేది. పొగరనుకోని ఇంకో దెబ్బ ఏసేటోన్ని. అది నా మొకంల నోరు దేవులాడుతున్నది…